92 నుంచి 42కి: మినెసోటా సోమాలీ పిల్లలు, తట్టు టీకా

2017 ఏప్రిల్ 10న మినెసోటా రాష్ట్ర ఆరోగ్యశాఖకు ఒక ఆసుపత్రి నుంచి సమాచారం అందింది. జ్వరంతో, ఒంటినిండా దద్దుర్లతో చేరిన 25 నెలల బిడ్డకు తట్టు సోకిందేమోనని వైద్యుల అనుమానం. ఆ బిడ్డ విదేశాలకు వెళ్ళివచ్చింది లేదు. తట్టు సోకినవారి దగ్గర మసలిన ఆనవాళ్ళూ లేవు. తట్టు, గవదబిళ్ళలు, రుబెల్లా మూడింటికీ కలిపి ఇచ్చే ఎమ్ఎమ్ఆర్ టీకా మాత్రం వేయించలేదు. మర్నాడు 34 నెలల మరో బిడ్డ గురించి అలాంటి వార్తే వచ్చింది. ఆ బిడ్డకూ టీకా లేదు. మే నెలాఖరుకు రోగుల సంఖ్య 65కు చేరింది. వారిలో 62 మంది టీకా వేయించుకోనివారు. ఆగస్టు చివర ఈ ఉధృతి ముగిసిందని ప్రకటించేనాటికి మొత్తం 75 మంది. అందులో 20 మందికి పైగా ఆసుపత్రి పాలయ్యారు. ఎవరూ చనిపోలేదు. రోగులలో అత్యధికులు అమెరికాలోనే పుట్టిన, సోమాలియా మూలాలున్న పసిపిల్లలు.

అమెరికాలో తట్టు వ్యాధి స్థానికంగా నిర్మూలనమైందని ప్రకటించింది 2000లో. ఆ తరువాత కూడా అడపాదడపా బయటిదేశాల నుంచి వ్యాధి వస్తూనే ఉంది, కొద్దిమందికి సోకి ఆగిపోతూనే ఉంది. మినియాపొలిస్‌లో అది ఎందుకు ఆగలేదు అన్న ప్రశ్నకు తేలికగా స్ఫురించే సమాధానం ఒకటుంది: చదువు తక్కువైన శరణార్థులు, సంప్రదాయపు పట్టు, ఆధునిక వైద్యమంటే బెదురు. ఈ సమాధానం తప్పు. తప్పని చెప్పడానికి ఒక్క అంకె చాలు. 2004లో మినెసోటాలోని రెండేళ్ళ సోమాలీ పిల్లలలో నూటికి 92 మందికి ఎమ్ఎమ్ఆర్ టీకా పడింది. యుద్ధం నుంచి తప్పించుకుని వచ్చి, కొత్త భాష నేర్చుకుంటూ, రెండేసి ఉద్యోగాలు చేస్తున్న తల్లిదండ్రులు తమ పిల్లలను వేళకు డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళి టీకాలు వేయించారు. పదేళ్ళు గడిచి, అమెరికా బాగా పరిచయమయ్యాక, 2014లో అదే అంకె 42కి పడిపోయింది. ఈ సందేహం సోమాలియా నుంచి మూటగట్టుకుని తెచ్చుకున్నది కాదు. ఇక్కడికి వచ్చాక కలిగినది.

తట్టు తెలిసినవారు

1991లో సోమాలియా ప్రభుత్వం కూలి అంతర్యుద్ధం మొదలయ్యాక లక్షలాదిమంది కెన్యా, ఇథియోపియా సరిహద్దుల్లోని శిబిరాలకు చేరారు. అక్కడి నుంచి అమెరికా వచ్చినవారిలో అనేకులు మినెసోటాకు తరలారు. శరణార్థులకు ఆసరా ఇచ్చే చర్చి సంస్థలు ఆ రాష్ట్రంలో ముందునుంచీ బలంగా ఉన్నాయి. టర్కీకోళ్ళ మాంసం శుద్ధిచేసే కర్మాగారాల్లో ఇంగ్లీషు అంతగా రాకపోయినా పని దొరికేది. ఒకరి వెనుక ఒకరుగా బంధువులు వచ్చారు. మినియాపొలిస్‌లో మిసిసిపి నది ఒడ్డున ఉన్న సీడర్-రివర్‌సైడ్ పేట, అందులోని ఎత్తైన కాంక్రీటు భవనాలు ఆ సమాజానికి కేంద్రమయ్యాయి. నేడు అమెరికాలో సోమాలీలు అత్యధికంగా ఉన్న రాష్ట్రం మినెసోటాయే.

వీరికి తట్టు కొత్త రోగం కాదు. సోమాలీ భాషలో దానికి సొంత పేరుంది, జదేఓ. 1992 కరవులో శిబిరాల్లో పసిపిల్లలను పొట్టనబెట్టుకున్న కారణాలలో అతిసారంతో పాటు తట్టు ముందుంది. తెలుగునాట ఒక తరం వెనుకటి వరకు తట్టు పోసిన ఇంట్లో వేపమండలు కట్టి, పిల్లవాడిని విడిగా పడుకోబెట్టి, బంధువులను గుమ్మం దగ్గరే ఆపేవారు. ఆ భయమూ జాగ్రత్తా సోమాలీ అమ్మమ్మలకు కూడా తెలుసు. అయితే తెలిసిన రోగంతో ఒక చిక్కుంది. పదిమంది పిల్లలకు వస్తే తొమ్మిదిమంది లేచి తిరుగుతారు కాబట్టి, అది వచ్చిపోయేదిగా మనసులో నిలుస్తుంది. పోయిన పదో బిడ్డ మరణానికి కరవు, యుద్ధం, ఆకలి అని వేరే కారణాలు కనిపిస్తాయి.

ఆటిజం అలా కాదు. అది వచ్చిపోయేది కాదు. సోమాలీలో దానికి పేరు కూడా లేదు. (తెలుగులో మాత్రం ఏముంది? పత్రికలు ఏ పదాలు కట్టినా ఇళ్ళల్లో ఆటిజం అనే అంటున్నాం.) పేరులేని ఆ స్థితి తమ పిల్లలలోనే ఎక్కువగా కనిపిస్తోందని 2008 ప్రాంతంలో మినియాపొలిస్ సోమాలీ తల్లులు గమనించారు. బడికి ముందు తరగతుల్లో, ఆటిజం ఉన్న పిల్లలకోసం నడిపే ప్రత్యేక కార్యక్రమాల్లో, ఎటు చూసినా తమవాళ్ళే. స్వదేశంలో చూడనిది ఇక్కడ ఎందుకు వస్తోంది? ఇక్కడ తమ పిల్లలకు జరిగి, అక్కడ జరగనిది ఏమిటి?

ఈ ప్రశ్నలో మూఢత్వం లేదు. ఏ రోగపరిశోధకుడైనా తన పని మొదలుపెట్టేది సరిగ్గా ఇలాంటి ప్రశ్నతోనే.

జవాబు రాని ప్రశ్న

రాష్ట్ర ఆరోగ్యశాఖ ఈ ఆందోళనను కొట్టిపారేయలేదు. పాఠశాలల లెక్కలు పరిశీలించి 2009 మార్చిలో ఒక నివేదిక ఇచ్చింది. మూడు నాలుగేళ్ళ సోమాలీ పిల్లలు ఆటిజం కార్యక్రమాల్లో చేరే నిష్పత్తి ఇతర పిల్లలకంటే రెండు నుంచి ఏడు రెట్ల దాకా ఎక్కువగా ఉందని ఆ నివేదిక ఒప్పుకుంది. అయితే ఆ కార్యక్రమాల్లో నమోదైనవారి సంఖ్యను బట్టి నిజంగా ఎందరికి ఆటిజం ఉందో తేల్చలేమని కూడా చెప్పింది. కారణాల జోలికి పోలేదు. ఆ లెక్కలతో పోవడం సాధ్యమూ కాదు. శాస్త్రరీత్యా ఇది నిజాయితీగల సమాధానం. ఒక తల్లి చెవికి మాత్రం ఇది, అవును, నువ్వు చూసింది నిజమే, ఎందుకో మాకు తెలియదు, అన్నట్టుగా వినిపిస్తుంది.

మరింత పకడ్బందీగా జరిగిన అధ్యయనాన్ని మినెసోటా విశ్వవిద్యాలయం 2013 డిసెంబరులో వెలువరించింది. మినియాపొలిస్‌లో 2010 నాటికి 7 నుంచి 9 ఏళ్ళ వయసున్న పిల్లలను లెక్కలోకి తీసుకుంటే, సోమాలీలలో 32 మందికి ఒకరు, శ్వేతజాతి పిల్లలలో 36 మందికి ఒకరు ఆటిజం ఉన్నవారని తేలింది. ఈ రెండింటి మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. ఇతర నల్లజాతి పిల్లలలో, లాటినో పిల్లలలో ఆ సంఖ్య ఇంకా తక్కువ. అయితే ఆటిజం ఉన్న సోమాలీ పిల్లలలో దానితోపాటు మేధోవైకల్యం కూడా ఉండటం మిగతావారికంటే ఎక్కువ. అంటే తల్లులు చూసింది పూర్తిగా భ్రమ కాదు. తమ పిల్లల్లో ఆటిజం తీవ్రరూపంలో కనిపిస్తోందన్నది వాస్తవమే. ఎందుకలా అన్నదానికి ఈ అధ్యయనం కూడా జవాబు ఇవ్వలేదు.

ప్రశ్న పుట్టడానికీ ఈ పాక్షిక సమాధానానికీ మధ్య ఐదేళ్ళు గడిచాయి. ఆ ఐదేళ్ళలోనే టీకా కుప్పకూలింది. 2004లో 91 శాతం పైచిలుకు ఉన్నది 2010కల్లా 54 అయిందని 2011 నాటి ఉధృతిని పరిశీలించిన వైద్యుల లెక్క.

ఇక్కడ ఆండ్రూ వేక్‌ఫీల్డ్ ప్రస్తావన రాక తప్పదు. 1998 ఫిబ్రవరిలో లాన్సెట్ పత్రికలో పన్నెండుమంది పిల్లలను ఆధారం చేసుకుని, ఎమ్ఎమ్ఆర్ టీకాకూ ఆటిజం లక్షణాలకూ సంబంధం ఉండవచ్చని సూచించిన వ్యాసానికి ప్రధాన రచయిత ఈ బ్రిటిష్ వైద్యుడు. టీకా కంపెనీలపై దావా వేయబోతున్న న్యాయవాదుల నుంచి ఆయనకు డబ్బు ముట్టిన సంగతిని, పిల్లల వైద్యరికార్డులకూ వ్యాసంలో రాసినదానికీ పొంతన లేని సంగతిని బ్రయన్ డీర్ అనే పాత్రికేయుడు బయటపెట్టాడు. 2010లో లాన్సెట్ ఆ వ్యాసాన్ని ఉపసంహరించుకుంది. అదే ఏడు బ్రిటన్ వైద్యమండలి ఆయన పేరును వైద్యుల పట్టిక నుంచి తొలగించింది. ఆ తరువాత 2010, 2011లలో ఆయన పలుమార్లు మినియాపొలిస్ వచ్చి సోమాలీ తల్లిదండ్రులతో సమావేశమయ్యాడు.

ఈ పతనానికి ఆయన్నే కారకుడిగా చూపడం పత్రికలకు పరిపాటి అయింది. తేదీలు చూస్తే కథ అంత సూటిగా లేదు. ఆయన వచ్చేసరికే అంకె సగానికి చేరువలో ఉంది. ఆయనకంటే ముందే ఆ వాదం ఇంటర్నెట్ ద్వారా, స్థానిక టీకా వ్యతిరేక బృందాల ద్వారా, ఒక తల్లి నుంచి మరో తల్లికి ఫోను మీద చేరిపోయింది. అధికారులు తెలియదన్నచోట వారు తెలుసన్నారు. పైగా వచ్చి ఎదురుగా కూర్చుని విన్నారు. ప్రజారోగ్య వ్యవస్థ చాలాకాలం పాటు చేయని పని అదే. ఇది వేక్‌ఫీల్డ్ నేరాన్ని తగ్గించే మాట కాదు. 2017లో పిల్లలు ఆసుపత్రుల్లో ఉండగా కూడా టీకా వ్యతిరేకులు సోమాలీ కుటుంబాలను పిలిచి సభ జరిపారు. కానీ ఒక్క మనిషిని తొలగిస్తే సమస్య తీరిపోయేదన్న భ్రమకు మాత్రం ఇక్కడ చోటు లేదు.

ఆ వాదం నిలవదని చెప్పే ఆధారాలకు కొదవ లేదు. డెన్మార్క్‌లో 1999 నుంచి 2010 వరకు పుట్టిన 6,57,461 మంది పిల్లలను ఏళ్ళ తరబడి గమనించి 2019లో ప్రచురించిన అధ్యయనంలో టీకా వేసినవారిలోనూ వేయనివారిలోనూ ఆటిజం ఒకే తీరుగా కనిపించింది. అన్నకో అక్కకో ఆటిజం ఉన్న పిల్లలను విడిగా చూసినా అంతే. మరి అంతమంది తల్లులు తమ కళ్ళతో చూశామని ఎందుకంటారు? అమెరికాలో ఎమ్ఎమ్ఆర్ తొలి మోతాదు 12 నుంచి 15 నెలల మధ్య వేస్తారు. పిల్లలు మాటలు పలకడం, పిలిస్తే తలతిప్పడం, వేలితో చూపించడం వంటివి తల్లిదండ్రులు ఎదురుచూసేది ఆ నెలల్లోనే. ఆటిజం ఉన్న పిల్లలలో కొందరు అప్పటికి వచ్చిన నాలుగు మాటలనూ రెండో ఏట పోగొట్టుకుంటారు. టీకా వేసినా వేయకపోయినా ఆ మాటలు పోయేవే. కానీ ఒకటి ముందు, ఒకటి వెనుక జరిగినప్పుడు, ముందుది వెనుకదానికి కారణమన్న ఊహను మనసు నుంచి తుడిచేయడం లక్షల మంది మీద జరిపిన అధ్యయనాలకు కూడా సులభం కాదు.

మాటలు వచ్చేదాకా

సోమాలీ తల్లిదండ్రులలో చాలామందిని టీకా వ్యతిరేకులు అనడం సరికాదు. వారి అనుమానం ప్రధానంగా ఎమ్ఎమ్ఆర్ ఒక్కదాని మీదే. దానినైనా ఎన్నటికీ వద్దని కాదు. బిడ్డకు మాటలు వచ్చాక, ఆటిజం లేదని తేలాక, బడిలో వేసేముందు వేయిద్దాం అన్నది తరచుగా వినిపించే మాట. టీకాలో వాడే పందిమాంసపు జెలటిన్ గురించిన మతపరమైన సందేహాలు కూడా ఉన్నా, ఇమాములు వాటికి సమాధానం చెబుతూనే ఉన్నారు. మినెసోటా చట్టం కూడా వాయిదాకు అడ్డు రాదు. తమ మనస్సాక్షి ఒప్పుకోదని తల్లిదండ్రులు నోటరీ ముందు సంతకం చేసిన కాగితం ఇస్తే బడి టీకా నిబంధన నుంచి మినహాయింపు దొరుకుతుంది.

రెండు భాషలు వినిపించే ఇళ్ళలో మాటలు కాస్త ఆలస్యమైతే కలిగే కంగారు ఎడిసన్‌లోనో ఫ్రిస్కోలోనో ఉండే తెలుగు తల్లిదండ్రులకు వివరించనక్కర్లేదు. ఆ కంగారులో వాయిదా ఎంతో సబబుగా కనిపిస్తుంది. ఏదీ కాదనడం లేదు కదా, ఆగుదాం అంటున్నాం, అంతే. తట్టు మాత్రం ఆగదు. రోగి దగ్గి వెళ్ళిపోయిన గదిలో ఆ వైరస్ రెండు గంటల దాకా గాలిలో నిలిచి ఉంటుంది. రక్షణ లేనివారు దగ్గరలో పదిమంది ఉంటే తొమ్మిదిమందికి సోకుతుంది. దద్దుర్లు తేలడానికి నాలుగు రోజుల ముందునుంచే రోగి ఇతరులకు అంటిస్తాడు. అప్పటికది మామూలు జలుబులాగే ఉంటుంది. టీకా లేని జనాభాలో ఒక్కొక్కరి నుంచి 12 నుంచి 18 మందికి వ్యాపించగల ఈ రోగాన్ని అడ్డుకోవాలంటే నూటికి 95 మందికి రక్షణ ఉండాలి. ఒకటి నుంచి ఐదేళ్ళ లోపు పిల్లలకు తట్టు సోకితే న్యుమోనియా, మెదడువాపు ప్రమాదం పెద్దపిల్లలకంటే ఎక్కువ. వాయిదా వేసే తల్లి తన బిడ్డను కాపాడుకుంటున్నాననుకుని ఖాళీగా వదిలేసేది సరిగ్గా ఆ నాలుగేళ్ళనే.

రాష్ట్ర సగటులు ఈ ఖాళీని చూపించవు. 2014లో ఇతర మినెసోటా పిల్లలలో టీకా దాదాపు 90 శాతం దగ్గర ఉంది. పటం మీద ఆ రాష్ట్రానికి ఒకే రంగు వేస్తే భయపడాల్సిందేమీ కనబడదు. రోగం రాష్ట్రాన్ని చూసి రాదు. ఒకే భవనంలోని లిఫ్టును, ఒకే శిశుసంరక్షణ కేంద్రాన్ని, ఒకే పెళ్ళిపందిరిని చూసి వస్తుంది. 2011లో కెన్యా వెళ్ళివచ్చిన రెండున్నరేళ్ళ బిడ్డ ద్వారా హెన్నెపిన్ కౌంటీలో 21 మందికి తట్టు సోకినప్పుడే ఈ సంగతి తెలిసింది. 2018-19లో న్యూయార్క్ బ్రూక్లిన్‌లోని సనాతన యూదుల పేటలలోనూ, 2025లో టెక్సస్ గెయిన్స్ కౌంటీలోని మెన్నొనైట్‌ల మధ్యా జరిగింది కూడా ఇదే. టెక్సస్‌లో 762 మందికి సోకింది, టీకా వేయించుకోని ఇద్దరు పిల్లలు చనిపోయారు. మతం, భాష, ఆహారం, దుస్తులు ఏవీ కలవని మూడు సమాజాలు ఇవి. ఒకరింటికి ఒకరు వెళ్ళడం, ఒకరిమాట ఒకరు నమ్మడం మాత్రం మూడింటిలోనూ ఉంది. తెలుగు సంఘాల ఉగాది సభల్లో కూడా ఉన్నది అదే.

2017 తరువాత

ఉధృతి సమయంలో ఆరోగ్యశాఖ కదిలిన తీరు మెచ్చుకోదగ్గది. వ్యాధి సోకినవారి దగ్గర మసలినవారు 8 వేలకు పైగా ఉన్నారని గుర్తించి ఒక్కొక్కరినీ వాకబు చేశారు. టీకా లేని పిల్లలను మూడు వారాల పాటు బడికి రావద్దన్నారు. రెండో మోతాదును నాలుగైదేళ్ళ దాకా ఆపకుండా, మొదటిది వేసిన 28 రోజులకే వేయించమని సూచించారు. సోమాలీ నర్సులు, ఇమాములు ఇళ్ళకు, మసీదులకు వెళ్ళారు. వారానికి 2,700 మోతాదులు వేసే రాష్ట్రంలో ఆ సంఖ్య దాదాపు 10 వేలకు పెరిగింది. ప్రజాధనం సుమారు 13 లక్షల డాలర్లు ఖర్చయింది. ఆ వేసవిలో తల్లులకు తట్టు మళ్ళీ కళ్ళెదుట కనిపించింది. భయం భయాన్ని గెలిచింది.

ఆ గెలుపు నిలవలేదు. ఉధృతి తగ్గాక తట్టు మళ్ళీ కనుమరుగైంది, ఆటిజం మాత్రం ఎదురుగానే ఉంది. కోవిడ్ వచ్చి డాక్టరు దగ్గరకు వెళ్ళడమే తగ్గింది. టీకాలపై అనుమానం ఈసారి సోమాలీలకే పరిమితం కాకుండా దేశమంతా పాకింది. మినెసోటాలో 2022లో 22 మందికి, 2024లో 70 మందికి తట్టు సోకింది. రెండేళ్ళ సోమాలీ పిల్లలలో ఎమ్ఎమ్ఆర్ అంకె నేడు 24 శాతం దగ్గర ఉందని రాష్ట్ర ఆరోగ్యశాఖ చెబుతోంది. పదిహేనేళ్ళ ప్రచారం, రెండు పెద్ద ఉధృతులు, సోమాలీలో ముద్రించిన కరపత్రాలు, టీవీ చర్చలు, అన్నీ అయ్యాక ఇదీ ఫలితం.

వైఫల్యమని దీన్ని కొట్టేసేముందు గమనించవలసింది, ఆ ప్రచారంలో చాలాభాగం టీకాకూ ఆటిజానికీ సంబంధం లేదని చెప్పడానికే సరిపోయింది. తల్లుల ప్రశ్న టీకా గురించి కాదు. తన బిడ్డ ఎందుకు మాట్లాడటం లేదన్నది మొదటి ప్రశ్న. దానికి వచ్చిన అనేక సమాధానాలలో టీకా ఒకటి. ఆ ఒక్కదాన్నీ తీసేస్తే మొదటి ప్రశ్న అలాగే మిగులుతుంది. మినెసోటాలో టీకా విభాగంవారు, ఆటిజం సేవలవారు కలిసి పనిచేయాలన్న ఆలోచన ఆలస్యంగానైనా వచ్చింది. టీకా సంభాషణను ఎదుగుదల పరీక్షలతో, మాటల శిక్షణతో జోడించి మొదలుపెట్టే వైద్యులకు ఇళ్ళ తలుపులు తెరుచుకుంటున్నాయి.

అయినా కాలపట్టికలోనే ఒక ఇబ్బంది ఉంది. పిల్లలందరికీ ఆటిజం ప్రాథమిక పరీక్ష చేయాలని అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ సిఫారసు చేసేది 18 నెలలప్పుడు, మళ్ళీ 24 నెలలప్పుడు. టీకా వంతు అంతకు ముందే, 12వ నెలలో వస్తుంది. ప్రాథమిక పరీక్షలో అనుమానం తేలాక నిపుణుల దగ్గరకు పంపి నిర్ధారించేసరికి ఇంకా సమయం పడుతుంది. మినియాపొలిస్ అధ్యయనంలో పిల్లలకు ఆటిజమని తేల్చేనాటి సగటు వయసు దాదాపు ఐదేళ్ళు. సోమాలీ తల్లి మాటలు వచ్చేదాకా ఆగుదామన్నప్పుడు ఆమె ఆగుతున్నది ఈ నిర్ధారణ కోసమే. ఆ ఐదేళ్ళలో ఎన్ని నెలలు తగ్గితే అన్ని నెలల ముందు ఆమె బిడ్డను టీకాకు తీసుకురాగలదు.